కార్ల వంతు, నీళ్ళ వంతు

వాడి కబీర్: లైసెన్సు లేని అధికారి

మస్కట్‌లో నాకు తెలిసినవాళ్ళలో డ్రైవింగ్ పరీక్ష నాలుగుసార్లు తప్పినవాణ్ణి నేనొక్కణ్ణే. నాలుగోసారి పోలీసు ఇన్‌స్పెక్టరు నా పక్క సీట్లోంచి దిగి, తలుపు చాలా మెల్లగా వేసి, ఆకాశం వైపు చూశాడు. అటువంటి నన్ను కొండమీద జరిగే కార్ల ర్యాలీకి అధికారిగా వేశారంటే నమ్మనివాళ్ళు చాలామంది ఉన్నారు. అందరికన్నా ముందు నిలబడింది మా ఆవిడ రూతు. ఆసుపత్రిలో నర్సు కాబట్టి ఎవరికి ఎంత దెబ్బ తగలగలదో ఆమెకు ముందే తెలుసు.

"బండి తోలటం రానోడికి బండ్లు ఆపే పనా?" అంది.

"ఆపటం వచ్చు. ప్రతి పరీక్షలోనూ నా బండి ఆగిందిగా" అన్నాను.

మస్కట్‌లోని వాడి కబీర్ అనే పేటలో కార్ల విడిభాగాలమ్మే ఒక కంపెనీలో నేను స్టోర్ కీపర్‌ని. ఎవరి కారులో ఏ ముక్క విరిగినా అది మా గోడౌన్‌లో ఏ అరలో ఉందో చెబుతాను. ఆ ముక్క కారులో ఎక్కడుంటుందో మాత్రం నన్నడగకూడదు. మా కంపెనీ ర్యాలీకి ప్రతి ఏడూ సామానుతోపాటు నలుగురు మనుషుల్ని కూడా ఇస్తుంది. ఆ ఏడు నలుగురిలో ఒకడికి కామెర్లు వచ్చాయి. కౌంటర్లో పనిచేసే థామస్ నా పేరు చెప్పాడు. థామస్‌ది కొట్టాయం. కార్లంటే ప్రాణం, తన ప్రాణమే కాదు, పక్కవాళ్ళది కూడా.

మా ప్రకాశం జిల్లాలో ర్యాలీ అంటే జెండాలు పట్టుకుని రోడ్డు మీద నడవడం. ఇక్కడ ర్యాలీ అంటే జెండాలు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడటం. అధికారి అంటే అధికంగా కార్లు చూసేవాడని నాకు నేనే అర్థం చెప్పుకుని సరేనన్నాను.

ముందుగా ఒక సాయంత్రం మాకు పాఠం చెప్పారు. చెప్పినాయన సైన్యంలో పనిచేసి రిటైరైన ఇంగ్లీషాయన. ఒమన్‌లో తల నెరిసినవాడు. అందరూ కెప్టెన్ అనేవారు. కార్లన్నీ ఒక్కసారి పరుగెత్తవనీ, రెండేసి నిమిషాల తేడాతో ఒకదాని తర్వాత ఒకటి వస్తాయనీ, పందెం గడియారంతోననీ ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. డ్రైవరు పక్కన ఒకడు కూర్చుని, ముందే వచ్చి చూసి రాసుకున్న మలుపులన్నీ చదువుతుంటాడు. డ్రైవరు రోడ్డును చూసి తోలడు, విని తోలతాడు. కాబట్టి రాసుకున్నప్పుడు రోడ్డు ఎలా ఉందో పరుగెత్తేటప్పుడూ అలాగే ఉండాలి. మనిషి గానీ మేక గానీ దానిమీదికి రాకూడదు.

"పసుపు జెండా ఊపితే నెమ్మది. ఎర్ర జెండా చూపిస్తే ఆగాలి" అన్నాడు కెప్టెన్. "ఎర్రది ప్రాణాపాయమైతే తప్ప తియ్యొద్దు. తీశాక సందేహించొద్దు."

నాకు తియ్యకముందూ సందేహమే, తీశాకా సందేహమే. అయినా రెండు జెండాలూ చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

మత్రా: ఉన్ని టోపీ

కొండమీద చలని అందరూ భయపెడితే మత్రా సంతకు వెళ్ళాను. ఏడాదిలో పది నెలలు చెమటలు తుడుచుకునే ఊళ్ళో ఉన్ని టోపీ అడిగితే దుకాణాలవాళ్ళు నా ఆరోగ్యం కనుక్కున్నారు. చివరికి ఒక కచ్ వర్తకుడు బల్లకింద నుంచి పెట్టె లాగి ఒకటి తీశాడు. రియాలన్నాడు. అర రియాలన్నాను. ఆ టోపీ తన తండ్రి కాలం నుంచీ ఉందన్నాడు. అందుకే అర రియాలంటున్నానన్నాను. ముప్పావుకు ఇచ్చాడు. పెట్టుకుంటే కళ్ళు కూడా కప్పేసింది. కొండ ఎక్కేటప్పుడు అది ఎంత సుఖమో అప్పటికి తెలియదు.

రుస్తాఖ్: టీ కొట్టులో మనవాళ్ళు

గురువారం మధ్యాహ్నానికి కంపెనీ పికప్‌లో రుస్తాఖ్ చేరాం. ఖర్జూరపు తోటల మధ్య కోట, కోట చుట్టూ కొత్తగా లేస్తున్న సిమెంటు గోడలు. గోడలు లేస్తున్నాయంటే మనవాళ్ళుంటారు. కేరళ హోటల్లో పరోటా, చేపల పులుసు తింటుంటే వెనక బల్ల నుంచి తెలుగు వినిపించింది. జగిత్యాల వైపు మేస్త్రీలు ముగ్గురు. మర్నాడు సెలవు గనక తీరిగ్గా టీ తాగుతున్నారు. నా మెడలోని అధికారి బిళ్ళ చూసి లేవబోతే సిగ్గుపడి కూర్చోబెట్టాను.

"కార్లు గుట్టమీదికి ఎందుకు పోతున్నయ్ సారు?" అని వాళ్ళలో పెద్దాయన అడిగాడు.

ఎవరు తొందరగా ఎక్కుతారో చూడటానికి అన్నాను.

"ఎక్కినంక ఏమన్న పని ఉన్నదా?"

లేదన్నాను.

"పెట్రోలు కంపెనీదేనా?"

అవునన్నాను. అయితే తప్పులేదని ముగ్గురూ తీర్మానించారు. నేను ఉండబోయే మలుపు పేరు చెప్పగానే, అక్కడి ఊళ్ళో తమ మనిషి రాజన్న ఒక ముసలి అర్బాబ్ దగ్గర, అంటే యజమాని దగ్గర, వ్యవసాయం పని చేస్తున్నాడనీ, కొండ దిగి నాలుగు నెలలైందనీ చెప్పారు. రూమ్‌కి పోయి ఇంటినుంచి వచ్చిన కారప్పొడి పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టారు. ర్యాలీలో నాకు అప్పజెప్పిన పనుల్లో ఏ అనుమానమూ లేకుండా చెయ్యగలననిపించింది అదొక్కటే.

జబల్ ఎక్కుతూ

జబల్ అంటే అరబ్బీలో కొండ. రుస్తాఖ్ దాటాక వాగులో పడ్డాం. గులకరాళ్ళ మీద చాలాదూరం పోయాక వాగు రెండు కొండల సందులో ఇరుక్కుంది. అక్కడి నుంచి దారి పైకి లేచింది. మన దగ్గర ఘాట్ రోడ్డంటారే, దానికి దీర్ఘం తగ్గకుండా ఘాటు పెంచితే అది. ఒక బండికి సరిపడా వెడల్పు. తారు లేదు, గోడ లేదు, రాయి కూడా అడ్డం లేదు. నేను లోయవైపు కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే రోడ్డు కనపడటం లేదు, రోడ్డు కింద ఉండాల్సినవన్నీ కనపడుతున్నాయి.

థామస్ మాత్రం హుషారుగా, ఏ మలుపులో ఏ ఏడు ఎవరి కారు ఎన్ని పల్టీలు కొట్టిందో చెప్పుకుంటూ పోతున్నాడు. వాళ్ళంతా బతికారా అని అడిగాను. చాలామంది అన్నాడు. నేను టోపీని ఇంకాస్త కిందికి లాక్కున్నాను.

పైన గాలి పల్చబడి చెవులు గుయ్యిమన్నాయి. మా చోటు ఊరికి కాస్త దిగువన ఉన్న మలుపు. ఒక పక్క కొండ గోడలా లేచింది. రెండో పక్క గట్టు నుంచి మెట్లు మెట్లుగా చిన్న చిన్న మడులు లోయలోకి దిగాయి. వాటి చివర గాలి తప్ప ఏమీ లేదు. నా జీవితంలో మలుపులే లేవని అప్పుడప్పుడు విసుక్కునేవాణ్ణి. ఆ మలుపు చూశాక ఆ విసుగు పోయింది.

పూడ్చిన కాలువ

బండి దిగేసరికి ఒక ముసలాయన ఎదురొచ్చాడు. పాదాల దాకా తెల్ల దిష్దాషా అంగీ, నడుముకు చాకు, చేతిలో కర్ర. పేరు సలీం. వెనకాలే పార భుజాన వేసుకుని నలభై ఏళ్ళ మనిషి. నా మొహం చూసి ఆగి, నా టోపీ చూసి సందేహించి, "మనోళ్ళేనా సారు?" అన్నాడు. రాజన్న. కారప్పొడి పొట్లం ఇచ్చాను. విప్పలేదు, ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు అలా నిలబడ్డాడు.

సలీం మమ్మల్ని ఇంటి ముందు చాప మీద కూర్చోబెట్టి ఖర్జూరాలు పెట్టాడు, ఏలకుల కాఫీ పోశాడు. చిన్న గిన్నె, రెండు గుక్కలు. అవగానే మళ్ళీ పోశాడు. మన ఇళ్ళలో చాలంటే చెయ్యి అడ్డం పెడతాం. అడ్డం పెడితే నా చెయ్యి పక్కకు జరిపి పోశాడు. మర్యాదకు తాగుతూనే ఉన్నాను. గుండె పికప్ ఇంజనులా కొట్టుకోవడం మొదలుపెట్టాక రాజన్న జాలిపడి, గిన్నెను ఇట్లా రెండుసార్లు ఊపి ఇవ్వాలి సారు, లేకుంటే తెల్లారేదాక పోస్తనే ఉంటడు అని చెప్పాడు.

తర్వాత సలీం మమ్మల్ని రోడ్డు మీదికి తీసుకెళ్ళి ఒకటి చూపించాడు. కొండ ఊట నీళ్ళు ఆ ఊరికి సన్నటి కాలువలో వస్తాయి. దాన్ని ఫలజ్ అంటారు. ఆ కాలువ ఊరు దాటి, మా మలుపు దగ్గర రోడ్డుకు అడ్డంగా మోకాలి లోతు కోతలో పారి, సలీం వెల్లుల్లి మడుల్లోకి దిగుతుంది. మామూలుగా బండ్లు అక్కడ ఆగి, మెల్లగా దిగి ఎక్కాలి. దూరం నుంచి వచ్చే అతిథుల కార్లు కుదుపుకు గురికాకూడదని సలీం, రాజన్నా కలిసి రెండురోజులు రాళ్ళూ మట్టీ మోసి ఆ కోతను పూడ్చి, దిమ్మిస కొట్టి, అరచేతిలా నున్నగా చేశారు. ఎవరూ అడగలేదు. థామస్ మోకాళ్ళ మీద కూర్చుని తడిమి చూసి పరవశించాడు. మొన్న దారి చూసుకుపోయిన పందెంగాళ్ళంతా ఇక్కడ 'చదును, పూర్తి వేగం' అని రాసుకుని వెళ్ళారట.

మరి నీళ్ళెలా అన్నాను రాజన్నతో.

ఆ ఊళ్ళో నీళ్ళకు కొలత కాలం. ఊరి మధ్య బయలులో ఒక కర్ర పాతి ఉంది. దాని నీడ ఏ గీతకు వస్తే ఎవరి వంతో ఊరందరికీ తెలుసు. చెప్పటానికి నీళ్ళ పెద్ద ఒకడు పక్కనే కూర్చుంటాడు. సలీం వంతు తొమ్మిది రోజులకోసారి. ఈసారి శుక్రవారం, పొద్దెక్కాక. కార్లు పొద్దున్నే పోతాయని ర్యాలీవాళ్ళు చెప్పారు కాబట్టి, అవి పోగానే కోత తవ్వేసుకుంటారు. లెక్క సరిగ్గా సరిపోయింది. మా ఊరు సాగర్ కాలువకు చివరి ఆయకట్టు. మాకు వంతు కాగితం మీద ఉంటుంది, నీళ్ళు పై ఊళ్ళో ఉంటాయి. నీడనుబట్టి నీళ్ళు నడిచే ఊరు చూసి ముచ్చటపడి పడుకున్నాను.

మబ్బు

శుక్రవారం తెల్లవారేసరికి కనుమ మీద మబ్బు కూర్చుంది. మబ్బుంటే హెలికాప్టరు ఎగరదు. హెలికాప్టరు లేకపోతే, ఎవరైనా పడితే తీసుకుపోయే దారి లేదు. కాబట్టి పందెం మొదలు కాదు. థామస్ మోకాళ్ళ మీది వైర్‌లెస్ పెట్టె కాసేపటికోసారి గరగరలాడి, వేచి ఉండండి, వేచి ఉండండి అంటోంది.

రాజన్న దిగొచ్చాడు. ఇంకా కాలేదా సారు అన్నాడు. పోయాడు. మళ్ళీ వచ్చాడు. ఈసారి నా పక్కన కూర్చుని, రోడ్డు మీద రాయి నీడ చూస్తూ, దాన్ని కాలి బొటనవేలితో కొలుస్తున్నాడు. నేనూ ఆ నీడనే చూడటం మొదలుపెట్టాను. ముంజేతికి గడియారమున్నా అటు చూడబుద్ధి కాలేదు.

మబ్బు లేచింది. సైరను మోగించుకుంటూ ముందు బండి దారి మూసుకుంటూ పోయింది. ఆ తర్వాత మొదటి కారు. ముందు చప్పుడే వచ్చింది, కొండ కడుపులో ఏదో చిరుగుతున్నట్టు. మలుపులో కనపడటమే పక్కకు తిరిగి కనపడింది. పూడ్చిన చోటు మీదుగా గాలిలో తేలినట్టు పోయింది. గులకరాళ్ళు నా పిక్కల మీద వడగళ్ళలా కొట్టాయి. నా చేతిలో పసుపు జెండా ఉందని కూడా మరిచిపోయాను.

ఏడో కారు పోయాక రాజన్న గట్టు వెంబడి పరుగున వచ్చాడు.

"ముసలాయన నీళ్ళు వద్దంటుండు సారు."

సలీం గట్టుమీద రాతిగోడ పక్కన కూర్చుని ఉన్నాడు. వెళ్ళి అడిగాను, రాజన్నే అటూ ఇటూ మాట చేరవేశాడు. నీళ్ళొస్తే పూడ్చిన చోట అడ్డుపడి రోడ్డంతా బురదవుతుంది, మలుపులో కారు జారుతుంది. ముందే తవ్వితే నున్నగా ఉందనుకుని వచ్చే కారు కోతలో పడి ఎగురుతుంది. పందెం అవ్వటానికి ఇంకా చాలా కార్లున్నాయి. కాబట్టి నీడ గీతను తాకగానే తన వంతు పక్క తోటకు వదిలెయ్యమని నీళ్ళ పెద్దకు చెప్పబోతున్నాడు. ఇదంతా ఆయన చాలా మామూలుగా, ఎవరికో చాప జరిపి చోటిచ్చినట్టుగా చెప్పాడు.

"వాళ్ళు అతిథులు. నీళ్ళు మళ్ళీ వస్తాయి" అన్నాడు.

రాజన్న నావైపు తిరిగి తెలుగులో చెప్పాడు, గొంతు పెంచకుండా.

"తొమ్మిది రోజులకు మళ్ళ అస్తయ్ సారు, నిజమే. ఎల్లిగడ్డకు ఇది ఆఖరి తడి, గడ్డ ఊరే టైం. పోయినసారి ఊట తక్కువైండె, సగం మడులే తడిసినయ్. గీ తడి గూడ పోతే పంట పోతది. పోయినేడు గూడ పోయింది. పంట పోతే ముసలాయన నన్ను పెట్టుకోలేడు. ఆయనకు కొడుకులు లేరు, నేను పోతే ఈ మడులు బీడే."

ఎనిమిదో కారు మమ్మల్ని దాటింది. దుమ్ము దిగేదాకా ముగ్గురం కళ్ళు మూసుకుని నిలబడ్డాం.

ఒక్క మాట

అక్కడ నాకు సులువైన దారి ఒకటుంది. ముసలాయన వదులుకున్నాడు, నేను అడగలేదు, రోడ్డు భద్రం, ఎర్ర జెండా సంచిలో ఉంది. ఇంటికి పోయి రూతుకు మంచి కొండ కబుర్లు చెప్పొచ్చు. సులువైన దార్లు నాకు సహజంగానే నచ్చుతాయి. కానీ ఆ కోతను పూడ్చింది మనకోసం, నీళ్ళు వదులుకుంటున్నది మనకోసం, మబ్బు వచ్చింది మాత్రం ఎవరికోసమూ కాదు.

థామస్ దగ్గరికి వెళ్ళి పందెం కాసేపు ఆపించాలన్నాను. వాడు నన్ను జ్వరమొచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు. ఎవరికి ప్రాణాపాయం అన్నాడు. వెల్లుల్లికి అన్నాను. తప్పు జవాబని నాకూ తెలుసు. థామస్ కొంతసేపు తిట్టాడు, కొంతసేపు బతిమాలాడు. ఈ పని కోసం ఏడాదంతా ఎదురుచూస్తాననీ, వచ్చే ఏడు మన కంపెనీని పిలవరనీ అన్నాడు. చివరికి, చెప్పేదేదో నువ్వే చెప్పుకో అని వైర్‌లెస్ నా చేతిలో పెట్టి అటు తిరిగి కూర్చున్నాడు.

అవతల కెప్టెన్. నా ఇంగ్లీషు మామూలప్పుడే మెల్లగా నడుస్తుంది. ఆ ఎత్తులో దానికి ఊపిరి ఆడలేదు. కాలువ, పూడ్చటం, నీడ, కర్ర అన్నీ కలిపి చెప్పాను. మధ్యలో పదో కారు వచ్చి సగం మాట మింగేసింది. ఆయన ఓపిగ్గా విని, "రోడ్డు క్షేమంగా ఉందా, లేదా? ఒక్క మాటలో చెప్పండి" అన్నాడు.

ఉందంటే పందెం సాగుతుంది. లేదంటే అబద్ధం, ఎందుకంటే అప్పటికి రోడ్డు పొడిగా, నున్నగా మెరుస్తోంది.

"సార్, ముసలాయన నీళ్ళు వదులుకుంటే క్షేమం. తీసుకుంటే కాదు" అన్నాను. "వదులుకుంటానంటున్నాడు, మనం అతిథులం గనక. ఇంటాయన్ని అడిగితే ఇంకేం చెబుతాడు సార్. అందుకని అతిథిని అడుగుతున్నాను."

పెట్టె గరగర కూడా ఆగిపోయింది. థామస్ నెత్తిమీద చేతులు పెట్టుకున్నాడు. నా నోటి నుంచి అంత పొడుగు మాట వచ్చినందుకు నేను కూడా పెట్టుకుందును, చేతులు ఖాళీ లేవు.

"పద్నాలుగో బండి ఇప్పుడే బయల్దేరింది" అన్నాడు కెప్టెన్. "దాని వెనక ఎవర్నీ వదలను. అది మిమ్మల్ని దాటాక తవ్వండి. దాటాక. విన్నారా?"

పద్నాలుగో బండి

ఈ సంగతి రాజన్నకు చెప్పానో లేదో వాడు సలీంతో ఒక్క మాటైనా అనకుండా ఊళ్ళోకి పరుగెత్తాడు. నీళ్ళ పెద్దతో, మా వంతు మేమే తీసుకుంటాం, వదలమని చెప్పాడట. సలీం గోడ దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు. ఆయన మొహంలో కోపముందో ఏముందో నాకు చదవటం రాలేదు.

పదకొండు, పన్నెండు, పదమూడు వచ్చాయి, పోయాయి. పద్నాలుగు రాలేదు.

రెండు నిమిషాలు పోయాయి, మరో రెండు పోయాయి. కిందనున్న వాళ్ళను థామస్ అడిగాడు. తమ దగ్గరింకా దాటలేదని వాళ్ళు. బయల్దేరిందని కెప్టెన్. మధ్యలో కొండ. లోయలో పడిందా, ఆగిందా, చక్రం మారుస్తున్నారా ఎవరికీ తెలియదు.

అప్పుడు పైనుంచి నీళ్ళ చప్పుడు వినిపించింది. ఎండిన కాలువలో నీళ్ళు నడిచే చప్పుడు నేను పుట్టినప్పటినుంచీ ఎరుగుదును. ముందు ఎండుటాకులు కదులుతాయి. ఆ చప్పుడుకు భయపడటం మాత్రం అదే మొదలు. రాజన్న దానికంటే ముందు దిగొచ్చాడు. పూడ్చిన మట్టి దగ్గర నీళ్ళు ఆగాయి, పొంగాయి, చిన్న నాలుక ఒకటి రోడ్డు మీదికి వచ్చి లోయవైపు తిరిగింది.

"ఆగు రాజన్నా. బండి రానీ" అన్నాను.

"ఎక్కడిది సారు బండి?" అని రోడ్డు మీదికి దూకి పార ఎత్తాడు.

రెండు పారల మట్టి తీశాడో లేదో కింద కొండ కడుపులో చిరిగిన చప్పుడు.

నేను పరుగెత్తాను. నా పరుగు గురించి రూతును అడిగితే చెబుతుంది. స్కూలు బస్సును కూడా ఎప్పుడూ అందుకోలేదు. మలుపు చుట్టూ దిగువకు, సంచిలోంచి ఎర్ర జెండా లాగుతూ, దాని చుట్టు విప్పటం రాక పళ్ళతో పీకుతూ పరుగెత్తాను. కారు కనపడింది. పోయిన కాలాన్ని రాబట్టుకోవటానికి ఎలా తోలాలో అలా వస్తోంది. జెండా విప్పాను. ఊపలేదు, రెండు చేతులతో పట్టుకుని ఆరేసిన పంచెలా ఎదురుగా నిలబడ్డాను. కళ్ళు మూసుకున్నానని థామస్ అంటాడు. నాకు తెలిసి టోపీ జారింది.

చక్రాలు బిగుసుకుని గులకలో కోసుకుంటూ కారు నన్ను దాటి పోయింది. గాలికి పక్కకు కూలబడ్డాను. మలుపు తిరిగింది. తర్వాత చప్పుడు లేదు.

ఆ కొన్ని అడుగులూ లేచి నడవటమే ఆ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా కష్టమైన ఎక్కుడు. దుమ్ములోంచి ముందు కారు వెనక దీపాలు కనపడ్డాయి. తర్వాత పార లేచి దిగటం. కారు ముక్కుకూ రాజన్న నడుముకూ మధ్య పార కర్రంత జాగా. రాజన్న తల ఎత్తలేదు. తవ్వుతూనే ఉన్నాడు.

పక్క సీటువాడు గడియారం చేత్తో పట్టుకుని కేకలు వేస్తూ దిగాడు. డ్రైవరు తీరిగ్గా హెల్మెట్ తీశాడు. బాతినా తీరం కుర్రాడు. పేరు హమద్ అనీ, కింద చక్రం మార్చుకోవటంతో ఆలస్యమైందనీ తర్వాత తెలిసింది. నీళ్ళు చూశాడు, పక్కన లోయ చూశాడు, గట్టుమీద సలీంను చూశాడు. చూసి, ముందుగా సలాం చెప్పాడు. సలీం బదులు చెప్పాడు. ఎలా ఉన్నారు, ఒళ్ళెలా ఉంది, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు, వానలు పడ్డాయా అని హమద్ అడిగాడు. దేవుడి దయ, నువ్వెలా ఉన్నావు, మీవాళ్ళెలా ఉన్నారు, ఏం కబురు అని సలీం అడిగాడు. కబురేమీ లేదు, అంతా క్షేమం అన్నాడు హమద్. ఆ దేశంలో మాటకు ముందు ఇదంతా జరగాలి. పక్కవాడి చేతిలో గడియారం పరుగెత్తుతూనే ఉంది, వాడు కూడా నోరుమూసుకుని నిలబడ్డాడు.

అది అయ్యాక హమద్, "నీళ్ళెవరివి?" అన్నాడు.

సలీం జవాబు చెప్పలేదు. రాజన్న పార ఆపకుండా తలతో ముసలాయన్ని చూపించాడు.

హమద్ కారు వెనక తలుపు తీసి, బండి ఇసకలో దిగబడితే తీసే పార తెచ్చాడు. పక్కవాడు గడియారం జేబులో వేసుకుని రాళ్ళు ఎత్తాడు. నేనూ చేతులు పెట్టాను. కాసేపటికి కోత తెగింది. నీళ్ళు బురదగా వెళ్ళి, ఎర్రగా మారి, తేటపడి రోడ్డు దాటాయి. రాజన్న వాటి పక్కనే గట్టు దిగి పరుగెత్తాడు.

మిగిలిన కార్లను ఆ తర్వాత వదిలారు. నేను దిగువన పసుపు జెండాతో నిలబడ్డాను. ఒక్కొక్కటే వచ్చి, కోతలో మెల్లగా దిగి, ఎక్కి పోయింది. డ్రైవర్లు కొందరు నన్ను నాకు రాని భాషల్లో తిట్టారు. ఆ రాకపోవటం చాలా ఉపయోగపడింది.

సలీం ఇంట్లో

జుమా నమాజు అయ్యాక కెప్టెన్ జీపులో వచ్చాడు. నేను క్షమాపణ పాఠం ఇంగ్లీషులో రెండుసార్లు వల్లెవేసుకుని సిద్ధంగా ఉన్నాను. ఆయన కోత లోతు చూశాడు, కారు ఆగిన జాడ చూశాడు, ఆ రెంటి మధ్య దూరం అడుగులతో కొలిచాడు.

"దాటాక తవ్వమన్నాను" అన్నాడు.

అవునన్నాను. పాఠం మరిచిపోయాను.

"నేను ఒక్క మాటలో చెప్పమంటే మీరు ఉపన్యాసం ఇచ్చారు" అన్నాడు. "మంచి పని చేశారు. ఒక్క మాటే చెప్పి ఉంటే అక్కడితో నేను పెట్టె కట్టేద్దును."

సలీం మాత్రం నాతో మాట్లాడలేదు. నీళ్ళు పారినంతసేపూ నా వైపు చూడలేదు. ఆయన అతిథులకు ఒకటి ఇచ్చాడు, నేను దాన్ని తీసి మళ్ళీ ఆయన చేతిలో పెట్టాను. ఇచ్చినవాడికి అదెంత అమర్యాదో నాకప్పుడు తెలిసివచ్చింది. మేం సామాను సర్దుకుంటుంటే ఆయన కర్ర తాటిస్తూ వచ్చి రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. ఆయన చెప్పింది కెప్టెన్ మాకు ఇంగ్లీషు చేశాడు.

"నా నీళ్ళు తిప్పి ఇచ్చారు. నా అన్నం కూడా తిప్పి ఇచ్చి పోతారా?"

సర్దిన సామాను మళ్ళీ దించాం. కొండ దిగుతూ సలీం కబురు అందుకుని వెనక్కి వచ్చిన హమద్, అతని జతగాడు, కెప్టెన్, థామస్, నేను ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చున్నాం. మేకమాంసం, అన్నం, పైన ఎండునిమ్మకాయల పులుపు. మన విందుల్లో ఎవరి విస్తరి వారిది. అక్కడ ఎదుటివాడి వైపుకు మంచి ముక్క తోయటమే మర్యాద. సలీం ఒక ముక్క తీసి నావైపు తోశాడు. నేను హమద్ వైపు తోయబోతే కర్ర నేలమీద చప్పుడైంది. తినేశాను.

రాజన్న కనపడలేదు. వంతు ఇంకా అవలేదని, వాడి వాటా మూతపెట్టి ఉంచామని చెప్పారు. చేతులు కడుక్కుని మడుల్లోకి దిగాను. వెల్లుల్లి ఆకులు మోకాళ్ళ దాకా ఉన్నాయి. రాజన్న చీలమండల లోతు నీళ్ళలో నిలబడి ఒక మడి నిండగానే గట్టు తెంపి ఇంకో మడికి వదులుతున్నాడు. పై మడులన్నీ తడిసి నల్లబడ్డాయి. కిందవి రెండు మిగిలాయి.

గట్టుమీద కూర్చున్నాను. ఆ రెంటిలో పైది నిండేదాకా నీళ్ళనే చూశాను. ఆ కారు గురించి వాడూ అనలేదు, నేనూ అనలేదు.

"అన్నా" అన్నాడు, తలెత్తకుండానే. పొద్దుటిదాకా సారునే. "మరి మీ పోటీల ఎవలు గెలిచిండ్రు?"

నిజంగానే తెలియదన్నాను. అడగటం కూడా గుర్తురాలేదు.

"గట్లనా" అని పార తిప్పి చివరి మడి గట్టు తెంపాడు.